గోడ లేని నీళ్ళు

మా బావ జయరాముడిని నీళ్ళలో ఓడించినవాడు ధర్మవరం చుట్టుపక్కల లేడు. ఇది పొగడ్తగా చెప్పడం లేదు. ఆ పేరు వల్లే మేమందరం ఒక ఏడాదంతా నానా అవస్థలు పడ్డాం.

ఆయన పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం చేతకాక జిల్లా సాయుధ పోలీసుల్లో కానిస్టేబులుగా చేరాడు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ మా అక్క. నేను వాళ్ళింటికి రెండు వీధుల అవతల ఉంటాను. బి.ఎస్సీ. చదివి ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెబుతాను. అప్పటికి నా కొడుక్కి ఇంకా ఏడాది నిండలేదు. కాచి చల్లార్చి వడగట్టిన నీళ్ళ సీసా, థర్మామీటరు సంచిలో లేకుండా నేను గడప దాటేదాన్ని కాదు. అందుకని బావ నాకు సైన్సమ్మ అని పేరు పెట్టాడు. నన్ను ఎగతాళి చేసేదీ ఆయనే, ఏ చిక్కు వచ్చినా నా నెత్తిన తెచ్చి పెట్టేదీ ఆయనే.

మా వైపు పిల్లలకు ఈత పొలాల్లోని పెద్ద బావుల్లో వస్తుంది. ఎండిన సొరకాయ బుర్రను నడుముకు కట్టి, మామో చిన్నాయనో పైనుంచి లోపలికి తోసేస్తాడు. అది నేర్పడమట! ఆ తోసేవాళ్ళలో ఒక్కరైనా కిందికి దిగి లోతు చూసిన పాపాన పోరు. బావిలో ఒక కట్టుబాటు ఉంది. ఎంతమంది దిగినా అందరూ ఒకే పక్కకు తిరుగుతూ ఈదాలి. కుడిచెయ్యి ఎప్పుడూ గోడ వైపు ఉండాలి. ఎదురు తిరిగితే తలలు కొట్టుకుంటాయి కాబట్టి అలా తిరిగిన పిల్లవాడికి పెద్దవాళ్ళ మొట్టికాయ పడుతుంది. అలసిపోతే చెయ్యి చాపితే చాలు, గోడ రాయి దొరుకుతుంది. మా బావ చిన్నప్పుడు పొద్దున దిగితే అన్నం వేళ దాకా గోడ ముట్టకుండా చుట్లు కొట్టేవాడని వాళ్ళమ్మ ఓబులమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది.

ఇక ఉద్యోగం సంగతి. పేరుకు అనంతపురంలో ఉద్యోగమే గాని ఆయన ఎక్కువ కాలం ఒక ఊరి పికెట్‌లో గడిపాడు. ఆ ఊరి పేరు చెప్పను. అక్కడ రెండు పార్టీలు. వాళ్ళు ఒకరినొకరు చంపుకోకుండా మధ్యలో నలుగురు పోలీసులు బడి వరండాలో వంటా పడకా పెట్టుకుని ఉండాలి. ఈ పక్కవాళ్ళు మంచినీళ్ళిస్తే ఆ పక్కవాళ్ళకు కోపం. ఒక సాయంత్రం ఎవరిదో నాటుబాంబు వరండా మెట్ల దగ్గర పేలింది. రంగన్న అనే కానిస్టేబులు కుడిచేతి వేళ్ళు పోయాయి. ఆ వేళప్పుడు ఆ మెట్ల మీద కాపలా కూర్చోవలసింది మా బావ. కడుపు బాగాలేక చెంబు పట్టుకుని ఊరి బయటి వంకలోకి పోయాడు కాబట్టి బయటపడ్డాడు. రంగన్నను ఆసుపత్రిలో చూసి వచ్చాక అక్క మూడు పూటలు అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి ఆమెకు ఒకటే కోరిక. ఆయన ఇంకెక్కడైనా చావనీ, ఆ పికెట్‌కు మాత్రం మళ్ళీ పోకూడదు. ఆ మాట అని వెంటనే నోటి మీద కొట్టుకునేది.

ఆ సంగతి అలా ఉండగా డెబ్భై తొమ్మిదిలో పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. తూర్పు తీరంలో పడవల మీద దొంగసరుకు దిగుతున్నదట. దాన్ని పట్టడానికి పోలీసుల్లోనే ఒక ప్రత్యేక దళం పెడతారట. పరుగెత్తే పడవ మీది నుంచి ఇంకో పడవ మీదికి తుపాకితో దూకాలి, తాళ్ళు పట్టుకుని ఓడ పక్కనుంచి ఎక్కాలి. అలాంటి దళానికి ప్రతి జిల్లా మనుషుల్ని పంపాలట. సముద్రం ముఖం చూడని జిల్లా కూడా! పెరేడులో "ఈత వచ్చినవాళ్ళు ఒక అడుగు ముందుకు" అంటే, వరస మొత్తంలో మా బావ ఒక్కడే కదిలాడు. బెళుగుప్ప వాళ్ళూ చిలమత్తూరు వాళ్ళూ కదలకుండా నిలబడ్డారు. ఈత వచ్చినా బయటపడని తెలివైనవాళ్ళు కొందరు ఉండే ఉంటారు.

అక్క పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చింది.

"వరలక్ష్మీ, మీ బావను సముద్రానికి ఏసినారంటమే!"

"సంతోషపడతావేంటక్కా? సముద్రమంటే బావి అనుకుంటాండావా?"

"బావో గీవో. సముద్రంలో పార్టీలుండవు గదా," అంది అక్క. ఆ వాదానికి నేను చదివిన ఏ పుస్తకంలోనూ జవాబు లేదు.

బావ రైలెక్కి పోయాడు. కాకినాడ పక్కన ఒక చిన్న రేవులో శిక్షణ. మొదట్లో కబుర్లు బాగానే వచ్చాయి. పడవ ఊపుకు మిగతావాళ్ళు వాంతులు చేసుకుంటుంటే ఈయన దర్జాగా ఉన్నాడట. తాడు నిచ్చెన ఎక్కడంలో ఈయనే ముందట. చీకట్లో చప్పుడు లేకుండా చేతి సైగలతో కదలడం, దాక్కున్నవాడిని తలుపు వెనక నుంచి బయటికి లాగడం, అన్నీ వచ్చాయట. అక్క వీధంతా చెప్పుకుంది.

శ్రావణం పోతుండగా ఆయన ట్రంకు పెట్టెతో ఇంటి ముందు దిగాడు. ముఖం మాడిపోయి ఉంది.

"ఏమైంది బావా?"

"ఈత పరీచ్చలో పోయినా," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అక్క గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడింది.

జరిగింది ఇది. ఒడ్డు నుంచి కొంత దూరంలో ఒక ఎర్ర పీపాను లంగరు వేసి తేలవేశారు. ఒడ్డున బయలుదేరి, దాన్ని చేత్తో ముట్టుకుని తిరిగి రావాలి. బావ అందరికంటే ముందు దూకాడు. ఎడమకు తిరిగాడు. ఇంకా తిరిగాడు. పెద్ద చుట్టు చుట్టి, బయలుదేరిన చోటికే వచ్చి ఇన్‌స్పెక్టరు బూట్ల ముందు తేలాడు.

"నేను సక్కంగానే పోతాండా అనుకున్నా వరాలూ. తలెత్తి సూస్తే మల్లా అదే మనిసి, అవే బూట్లు."

"ఆయనేమన్నాడు?"

"పీపా దగ్గరికి పొమ్మంటే నా దగ్గరికే వచ్చావేంటయ్యా, నేనేమన్నా ఎర్రగా ఉన్నానా అన్నాడు. అందరూ నవ్వినారు. మల్లా పోయినా. మల్లా ఆడికే వచ్చినా."

ఆ ఇన్‌స్పెక్టరు కోస్తా మనిషి. నీళ్ళలో పుట్టి పెరిగినవాడికి ఇది ఏ రకం రోగమో అర్థం కాలేదు. సెలవిచ్చి పంపుతూ, కార్తీకానికి ముందు ఇంకొక్క అవకాశం ఇస్తాను, పీపా ముట్టుకోకపోతే సొంత జిల్లాకు పంపేస్తాను అన్నాడట. సొంత జిల్లా అంటే ఏమిటో మాకు తెలుసు. ఆ బడి వరండాలో రంగన్న చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

"సైన్సు సదివినావు గదా, ఏందో ఒగటి చెయ్‌మే," అంది అక్క. ఈతకూ సైన్సుకూ ఏమిటి సంబంధం అంటే వినిపించుకునే స్థితిలో లేదు.

నిజానికి కారణం నాకు వెంటనే తోచింది. చిన్నప్పటి నుంచి కుడిచెయ్యి గోడ వైపు పెట్టి ఎడమకు తిరిగిన ఒళ్ళు, గోడ లేకపోయినా ఎడమకే తిరుగుతోంది. మందు కూడా సులువే. నేరుగా ఈదడం అలవాటు చేసుకోవాలి. దానికి నేరుగా ఈదేటన్ని నీళ్ళు కావాలి. అది అనంతపురం జిల్లా. ఆ ఏడు వానలు లేవు. ధర్మవరం చెరువులో మేకలు మేస్తున్నాయి.

హైలెవెల్ కాలువకు నీళ్ళు వదిలారని తెలిసి ఒక ఆదివారం బస్సుల మీద బస్సులు మారి ఉరవకొండ పక్కకు పోయాం. బావ, అక్క, నేను, నా చంకలో పిల్లవాడు, నా సంచి. ఎండకు పిల్లవాడి ఒళ్ళు కాలితే అది జ్వరమా, ఎండేనా అని తేల్చుకోలేక దారి పొడుగునా నాకు ప్రాణం పోయింది. కాలువ గట్టున లస్కరు అడ్డం వచ్చాడు. కాలువ కాపలా ఉద్యోగం ఆయనది.

"ఈడ ఈత కొట్టకూడదు. ఎవురికి చెప్పి వచ్చినారు?"

"పోలీసప్పా," అన్నాడు బావ.

"పోలీసైతే ఏమి? మునిగితే నీళ్ళకు తెలుస్తాదా నువ్వు పోలీసని?"

నాకు లస్కరు మాట చాలా సబబుగా తోచింది. కాని అక్క ఆయనకు వేరుశనక్కాయల మూట చేతిలో పెట్టి, పికెట్ కథంతా చెప్పి, మధ్యలో ఏడ్చి, మొత్తానికి ఒప్పించింది. బావ దూకాడు. బాణంలా పోయాడు. అక్క గట్టు మీద పరుగెత్తుతూ చప్పట్లు కొట్టింది.

"సూడుమే, ఎంత సక్కంగా పోతాండాడో!"

"కాలువలో ఎవరైనా చక్కగానే పోతారక్కా. చెప్పు పడేసినా చక్కగానే పోతుంది. రెండు పక్కలా గట్లున్నాయి, వెనకనుంచి నీళ్ళు తోస్తున్నాయి."

"నీ నోట్లో మంచి మాట రాదు గదా!"

తిరుగు బస్సులో ఇద్దరూ నాతో మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక పిల్లవాడికి జలుబు చేసింది. జలుబు ఉప్పునీళ్ళ వల్ల రాదు, కాలువ నీళ్ళ వల్ల వస్తుంది, అందుకే సముద్రమే మేలు అని బావ నాకు నచ్చజెప్పాడు. ఇలాంటివాళ్ళ మధ్య నేను సైన్సు చెబుతున్నాను.

కోపం చల్లారాక నాకొక ఆలోచన వచ్చింది. అది రాకపోయినా బాగుండేది. ఆయన ఎంత ఎడమకు తిరుగుతున్నాడో తేలితే, అంత కుడికి గురి పెట్టవచ్చు. కొలవడానికి నీళ్ళు లేకపోయినా మైదానం ఉంది గదా. మర్నాడు సాయంత్రం బావను ఎండిన చెరువులోకి తీసుకుపోయాను. బీటలు వారిన నేల మీద ముగ్గుపిండితో పొడుగ్గా ఒక గీత గీశాను. తువ్వాలతో ఆయన కళ్ళు కట్టాను. ఈత కొడుతున్నట్టే చేతులు తిప్పుకుంటూ నడవమన్నాను.

ఖాకీ నిక్కరు, కళ్ళకు గంతలు, గాలిలో బారలు. ఎండిన చెరువులో ఒక పోలీసు ఈదుతున్నాడు. క్షణంలో జనం గట్టెక్కి నిలబడ్డారు.

మేకల ఓబుళేసు అరిచాడు. "ఏమన్నా జయరాముడన్నా, లోతెంతుండాది?"

"నీకు మునుగు నీళ్ళే. దిగొద్దు," అన్నాడు బావ, చెయ్యి ఆపకుండా.

"మొసళ్ళుండాయా?"

"ఒగటి గట్టు మీద నిలబడి అరుస్తాంది."

"అన్నా, మేకలు మునుగుతాండాయి, కొంచెం కాపాడు!"

ఆ మేకల మధ్యకే పోయాడు ఆయన. గీత ఎక్కడో కుడిపక్కన మిగిలింది. మళ్ళీ నడిపించాను, మళ్ళీ ఎడమకే. ఇంకోసారి నడిపిస్తే ఎండిన తూము దగ్గర బండకు మోకాలు కొట్టుకుని కూర్చున్నాడు. నేను కూడా గంతలు కట్టుకుని నడిచి చూశాను. నేనూ కొంత వంకరగానే పోయాను, కాని కుడికి. అది గట్టు మీది వాళ్ళకు ఇంకా నచ్చింది. మర్నాడు నా తరగతిలో ఆడపిల్లలు పుస్తకాలు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ బండ మీదే, జనం పలచబడ్డాక, బావను అడిగాను.

"ఇదంతా ఏంటికి బావా? నాలుగు బారలకొకసారి తలెత్తి పీపాను చూసుకుంటే సరిపోదా? వంకర పోతే నీకే తెలుస్తుంది గదా."

ఆయన మోకాలు రుద్దుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"అంత సులువైన పని చెయ్యకుండా నన్ను ఊళ్ళో నవ్వులపాలు చేసినావు."

"ఎత్తినా," అన్నాడు. "మొదుటిసారే ఎత్తినా. అది శానా దూరం ఉండాది వరాలూ. ఇట్ల సూస్తే నీళ్ళు, అట్ల సూస్తే నీళ్ళు. చెయ్యి సాపితే ఏమీ తగల్లేదు. నా జన్మలో గోడ లేని నీళ్ళు సూడలేదు. గుండె జారిపోయింది. మల్లా ఎత్తల్యా."

నేను సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఆయన చేతికిచ్చాను.

"మీయక్కకు చెప్పొద్దు. బాంబుకు బయపడనోడు నీళ్ళకు బయపడినాడంటే నవ్వుతాది."

"బాంబుకు భయపడలేదా నువ్వు?"

"దానికీ పడినా. అందుకే గదా దీనికి పోతాండేది," అన్నాడు.

ఇక చేసేదేముంది. తలెత్తకుండానే పోయే దారి చూడాలి. పీపాకు కుడిపక్కన ఏముంటుందని అడిగాను. సరుకులు మోసే పాతబడిన బార్జి పడవ ఒకటి లంగరు మీద నిలబడి ఉంటుందని చెప్పాడు. చెరువులో వచ్చిన వంకరను బట్టి, ఒడ్డున నిలబడి ఆ బార్జి ముక్కుకు గురి పెట్టి దూకితే ఎడమకు తిరిగి తిరిగి సరిగ్గా పీపాకు తగులుతాడని లెక్క కట్టి ఇచ్చాను. ఆయన దాన్ని మంత్రంలా వల్లె వేసుకున్నాడు.

పరీక్షకు అక్క కూడా వస్తానంది. మొగుణ్ణి ఇచ్చే ముందు ఆ సముద్రమేదో తన కళ్ళతో చూడాలట. తోడు నేను. నేనంటే నేనూ పిల్లవాడూ సంచీ. ఈయన, అంటే మావారు, "పోయిరా, పిల్లవాడికీ సముద్రపు గాలి మంచిదే" అన్నారు. చెప్పడం ఎంతసేపు! గుంతకల్లులో ఒక బండి, బెజవాడలో ఒక బండి, చివర బస్సు. రైలు పెట్టెలో పక్కన కూర్చున్న ప్రతివాళ్ళూ నా పిల్లవాడి బుగ్గ గిల్లి దగ్గారు.

సముద్రం చూసి అక్క ముందు రెండు చేతులెత్తి దండం పెట్టింది. తర్వాత, "ఇన్ని నీళ్ళు ఈడ పెట్టుకోని మనకేమీ లేకుండా చేసినాడే దేవుడు," అని తిట్టింది.

మిగతా జిల్లాల వాళ్ళు వరసగా పోయి, పీపా ముట్టుకుని, వచ్చి తుడుచుకుంటున్నారు. బావ వంతు వచ్చింది. ఒకసారి మా వైపు చూసి, బార్జి ముక్కుకు గురి పెట్టి దూకాడు. వెనకే కాపలా పడవ ఒకటి కదిలింది. నా లెక్క ప్రకారం ఎడమకు తిరగడం మొదలుపెట్టాడు. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. ఇంకొంచెం తిరిగితే పీపానే. కాని ఆయన పక్కకు జరిగిపోతున్నాడు. చేతులు ఆడుతున్నాయి, తల పీపా వైపే ఉంది, మనిషి మాత్రం మొత్తంగా పీపాను దాటి ఎడమకు పోతున్నాడు.

"ఏంటండీ అది?" అని ఇన్‌స్పెక్టరును అడిగాను.

"పోటు తగ్గే పాటు వేళమ్మా. నీళ్ళు లాగుతున్నాయి. చూసుకోలేదా మీవాడు?"

చూసుకోలేదు. ఆయనా చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. ఆటుపోట్ల పాఠం నేను ప్రతి ఏడూ చంద్రుడి బొమ్మ వేసి మరీ చెబుతాను. కాని మా చెరువులో నీళ్ళున్న ఏడు నీళ్ళు ఉన్నచోటే ఉంటాయి. నీళ్ళకు నడక ఉంటుందని లెక్కలో వెయ్యాలని మాకిద్దరికీ తోచనే లేదు.

ఇన్‌స్పెక్టరు ఈల ఊదాడు. తిరిగి రమ్మని చెయ్యి ఊపాడు. బావ వినలేదు. విన్నా విననట్టే పోయాడేమో. ఒక చుట్టు తిరిగాడు. కాపలా పడవవాడు తెడ్డు చాచాడు. అది పట్టుకుంటే పరీక్ష పోయినట్టే. బావ తెడ్డును నెట్టేయడం ఒడ్డు నుంచి మాకు కనిపించింది. ఇంకో చుట్టు తిరిగాడు. పీపా ఇప్పుడు ఇంకా దూరం. ఎండ ముదిరింది. మిగతావాళ్ళు అన్నాలకు పోయారు. ఇన్‌స్పెక్టరు పోలేడు, నీళ్ళలో మనిషి ఉన్నాడు. ఈల నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ గొణుగుతున్నాడు. "ఏం మనిషండీ బాబూ! మునగడు, తేలడు, రాడు, పోడు!"

అక్క నీళ్ళ అంచుకు పోయి నిలబడింది. మొదట తిట్టింది. తర్వాత గొంతు మారిపోయింది.

"వచ్చేయ్‌ప్పా! నాకేం వద్దు. పికెట్‌కే పోదువులే, వచ్చేయ్‌ప్పా!"

ఆ మాట ఆమె నోట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అల ఆమె చీర కుచ్చిళ్ళు తడిపి పోతోంది, ఆమెకు తెలియడం లేదు. నాకు ఆమె మీద జాలి, ఆయన మీద కోపం, చంకలో ఆకలికి ఏడుస్తున్న పిల్లవాడు. ఈ మగవాడికి మంచిగా ఓడిపోవడం కూడా రాదా అనిపించింది.

అప్పుడు ఆయన తల ఎత్తాడు. ఒడ్డు నుంచి నల్లటి చుక్కలా కనిపించింది తల. దించాడు. నాలుగు బారలు వేసి మళ్ళీ ఎత్తాడు. పోయేది నేరుగా ఏమీ పోలేదు. ఎడమకు వంగేవాడు, తల ఎత్తి చూసుకుని సర్దుకునేవాడు, మళ్ళీ వంగేవాడు. మొత్తానికి చుట్లు తిరగడం ఆగింది. అంతలో నీళ్ళ లాగుడు కూడా తగ్గిందని ఇన్‌స్పెక్టరు అన్నాడు. ఇందాకటి నుంచి నమలుతున్న ఈలను నోట్లోంచి తీసేశాడు.

బావ పీపాను ముట్టుకోలేదు. రెండు చేతులా కావలించుకున్నాడు. కావలించుకుని వదలడే! అలాగే వేలాడుతూ ఉండిపోయాడు. ఒడ్డున అందరం అరిచాం. ఎంతసేపటికో వదిలి బయలుదేరాడు. తిరిగి రావడానికి మాత్రం ఏ తిప్పలూ పడలేదు, ఒడ్డు పెద్దది కాబట్టి ఎటు వంగినా తగులుతుంది. దూరంగా ఎక్కడో చేపల వలలు ఆరేసిన చోట తేలి, ఇసుకలో తూలుతూ నడిచి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

కాపలా పడవవాడు దిగుతూనే చెప్పాడు. "ఈ మనిషి పీపాని తిడతా ఈదాడండీ. తల ఎత్తడం, అమ్మా ఆలీ అని దాన్ని తిట్టడం, తల దించడం. నేనంత తిట్లు ఎప్పుడూ వినలేదు."

బావ ముందుగా నా వైపు తిరిగాడు. "నీ బార్జి ముక్కు కాలిపోను," అన్నాడు.

అక్క తడి తువ్వాలతో ఆయన వీపు మీద నాలుగు వేసి, అదే తువ్వాలతో తల తుడిచింది.

ఇన్‌స్పెక్టరు నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. మేమందరం ఆయన ముఖంలోకి చూస్తున్నాం.

"పొద్దున దూకి, మధ్యాహ్నం వచ్చి, పాసంటావా?"

"ముట్టుకోని రమ్మన్నారు సార్. ముట్టుకోని వచ్చినా. ఎంతసేపట్లో అని చెప్పల్యా."

నిజమే, ఇన్‌స్పెక్టరు చెప్పలేదు. ఆ రేవులో పుట్టినవాళ్ళకు అది చెప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. పోనీ ఫెయిలు అందామంటే, అనంతపురం నుంచి వచ్చింది ఈయన ఒక్కడే. ఆ జిల్లా వంతు ఏమైందని పైవాళ్ళు అడుగుతారు.

"ఉండవయ్యా, ఉండు," అన్నాడు విసుగ్గా. "రేపు స్టోరుకు పోయి లైఫ్ జాకెట్ తెచ్చుకో. పడవెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా అది ఒంటి మీద ఉండాలి. విప్పావో, తోలు తీస్తాను. నీళ్ళలో పడ్డా తేలి అక్కడే ఉండు, మేమే వచ్చి తీస్తాం. నువ్వు మాత్రం ఈదొద్దు."

నాకు తల తిరిగింది. "అందరికీ ఆ చొక్కా ఉంటే ఈ పరీక్ష ఎందుకండీ?"

"రూలమ్మా," అన్నాడాయన, అన్నం డబ్బా తీసుకుంటూ.

బావ ఆ రాత్రి నుంచే ఆ దళం మనిషి. ఆ వరండాకు మళ్ళీ పోలేదు. ఇప్పటికి నాలుగేళ్ళు. దొంగసరుకు పడవలు రెండు పట్టుకున్న వాళ్ళలో ఈయనా ఉన్నాడు. ఒకసారి తాడు జారి భుజం బెణికింది. సముద్రంలో మాత్రం ఇంతవరకూ ఒక్కసారీ పడలేదు.

ఈ బాధ తీరిందని నేను సంతోషపడితే, అక్క ఇంకొకటి మొదలుపెట్టింది. సాయంత్రం రేడియోలో వార్తలు వచ్చే వేళకు ఎవరూ మాట్లాడకూడదు. నా కొడుకు చేతిలో బూర ఉన్నా లాక్కుంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినపడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. మా జిల్లాకు వచ్చే నాలుగు చినుకులూ ఆ వాయుగుండం పుణ్యానే వస్తాయి. ఆ వార్త వస్తే వీధి వీధంతా సంబరం, ఎండిన శనక్కాయ చేలకు ప్రాణం వస్తుందని.

మొన్న పక్కింటి అక్కమ్మ గోడ మీది నుంచి కేకేసింది. "లచ్చుమీనరసమ్మా, తుపాను లేసిందంట గదా! ఇంగ వాన పడ్తాది!"

"లేసిందిలే. నోరు ముయ్యి," అంది అక్క.

"అదేందిమే! నీ మొగుని కోసరం మా సేన్లు ఎండాల్నా?"

"మీ సేన్ల కోసరం నా మొగుడు మునగాల్నా?"

ఇద్దరూ చాలాసేపు అరుచుకున్నారు. మధ్యలో నేను లేచి, తుపాను తీరం దాటే చోటుకూ బావ ఉండే రేవుకూ చాలా దూరమని మ్యాపు తీసి చూపించబోయాను. ఇద్దరూ కలిసి నన్ను కసురుకున్నారు. సాయంత్రానికి మబ్బు పట్టింది. అక్కమ్మ వాకిట్లోకి వచ్చి ఆకాశం వైపు చేతులు చాచింది. మా అక్క లోపల రేడియో పక్కన ముడుచుకుని కూర్చుని, "ఈడ పడు తల్లీ, కావాలంటే ఈడే అంతా పడు, ఆడ మాత్రం గమ్మునుండు," అని వానను బతిమాలుకుంటోంది.